కచేరీ ఆహ్వానపత్రికలో విద్వాంసుల బిరుదులు ఎలా వేయాలి

పత్రిక అచ్చుకిచ్చే ముందు కళాకారులందరి పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరి ఎదురుగా బిరుదు, దాన్ని ఇచ్చిన సంస్థ, సంవత్సరం నింపండి. సంస్థ పేరు తేలని బిరుదును వేయకండి. పాత కరపత్రాలు చూసి ఎత్తిరాస్తే వాటిలోని తప్పులు కూడా వచ్చేస్తాయి.

పేరుకు ముందు ఒక్క గౌరవపదమే ఉండాలి. కర్ణాటక సంగీతానికి ‘విద్వాన్’, స్త్రీలకు ‘విదుషి’ (‘విదూషి’ కాదు). హిందుస్తానీకి ‘పండిట్’, ముస్లిం కళాకారులకు ‘ఉస్తాద్’: పండిట్ రవిశంకర్, ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్. నాలుగు బిరుదులు వరుసగా పేరిస్తే అసలు పేరే కనబడదు. మిగతావి పేరు కింద, చిన్న అక్షరాల్లో వేయండి.

ఎక్కువ పొరపాట్లు సంస్థల బిరుదుల దగ్గరే. సంగీత కళానిధి, సంగీత కళా ఆచార్య మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చేవి. సంగీత కళాశిఖామణి ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీది, సంగీత చూడామణి శ్రీకృష్ణ గానసభది. చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి కనుక ఒకటి వేయబోయి ఇంకొకటి వేస్తారు. కళానిధి విషయంలో తేదీ కూడా చూసుకోవాలి. ఎంపిక నెలల ముందే ప్రకటిస్తారు, బిరుదు మాత్రం జనవరి 1న సదస్సులో అందజేస్తారు. ఆలోగా జరిగే కచేరీకి ‘సంగీత కళానిధికి ఎంపికైన’ అనే రాయాలి. ‘ఆస్థాన విద్వాన్’ అని వేస్తే ఏ ఆస్థానమో తప్పక చెప్పాలి: ‘తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాన్’.

పద్మ పురస్కారాలు, భారతరత్న బిరుదులు కావు. వాటిని పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లో బాలాజీ రాఘవన్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి ‘పద్మవిభూషణ్ బాలమురళీకృష్ణ’ తప్పు. పరిచయంలో ‘1991లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకున్నారు’ అని రాయండి.

గాయకుడికి ‘విద్వాన్’ వేసి వయొలిన్, మృదంగం, ఘటం వారికి ఉత్త ‘శ్రీ’ వేయడం చాలాచోట్ల జరుగుతోంది. ఇది నిజంగా బాధ కలిగించే విషయం. పక్కవాద్యం కూడా విద్వత్తే. అందరికీ ఒకే గౌరవపదం, ఒకే అక్షర పరిమాణం వాడండి.

చివరి ప్రూఫును ప్రతి కళాకారుడికీ పంపి ఆమోదం తీసుకోండి. బిరుదే వద్దనేవారుంటారు, వారి మాటే పాటించండి. వేదిక మీద ప్రకటన చేసేవారికీ అదే కాగితం ఇవ్వండి, లేకపోతే పత్రికలో సరిదిద్దిన తప్పు మైకులో వినిపిస్తుంది.