క్వాడ్ బైక్ నేర్చుకుందాం – 3వ పాఠం: బండి మన ఒంటికి కుదిరిందా?

పోయిన పాఠంలో బొటనవేలితో నొక్కే త్రాటిల్, క్లచ్, కాలి బ్రేకు చూశాం. ఇప్పుడు బండి ఎంచుకోవడం. అనంతపురంలో ఏ కుర్రాడు కలిసినా మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఎన్ని సీసీ తీసుకోమంటావ్?" సీసీ సంగతి తర్వాత. ముందు మీ కాళ్లకూ చేతులకూ బండి కుదరాలి.

ఎందుకో చెప్తా. స్పోర్ట్ ఏటీవీలో, అంటే జోరుగా తిప్పడానికి చేసిన క్వాడ్ బైక్‌లో, వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. కారుకున్నట్టు డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఉండదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, కానీ రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. అందుకే హ్యాండిల్ తిప్పినా బండి నేరుగానే పోవాలని చూస్తుంది. మనం ఒంటిని మలుపు లోపలికి వంచి, కాలి బరువు బయటి ఫుట్‌రెస్ట్ మీద వేస్తే లోపలి చక్రం మీద భారం తగ్గి కాస్త జారుతుంది, అప్పుడు బండి తిరుగుతుంది. సీటు మీద అటూ ఇటూ జరగలేని మనిషికి ఇది సాధ్యం కాదు.

చదునైన చోట ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, రోజూ వేసుకునే బూట్లతోనే ఎక్కండి. ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడితే సీటుకూ మీకూ మధ్య 3 నుంచి 6 అంగుళాల ఖాళీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే రాళ్ల మీద ఎగిరినప్పుడు సీటు కింద నుంచి గుద్దుతుంది. మరీ ఎక్కువైతే కూర్చున్నప్పుడు మోకాళ్లు పైకి లేచి హ్యాండిల్‌కు అడ్డం వస్తాయి. కూర్చున్నాక తొడలు ఇంచుమించు నేలకు సమాంతరంగా ఉండాలి. మడమ ఫుట్‌రెస్ట్ మీద పెట్టే కాలి బ్రేకు తొక్కగలగాలి.

చేతుల పరీక్షను మాత్రం తొందరపడకుండా చేయండి. వేళ్లు చాపితే నడిమి వేలి కొసన ఉన్న మొదటి కణుపు బ్రేకు లివర్ దాటాలి. తర్వాత హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పండి. కుడి చెయ్యి ముందుకు సాగుతుంది. అప్పుడు కూడా మోచేయి కొంచెం వంగే ఉండాలి, బొటనవేలు త్రాటిల్ మీద తేలిగ్గా ఆడాలి. భుజం లాగుతోందంటే ఆ బండి మీకు పెద్దది. లివర్ దూరం స్క్రూతో సర్దవచ్చు, హ్యాండిల్‌నూ కొంత వెనక్కి వంచవచ్చు. సీటుకూ ఫుట్‌రెస్ట్‌కూ మధ్య ఎత్తు మార్చడం మాత్రం అంత సులువు కాదు.

ఇక ఎక్కడ తిప్పుతారు? యమహా రాప్టర్ 700ఆర్ 686 సీసీ, వెడల్పు సుమారు 46 అంగుళాలు, రివర్స్ గేరు ఉంది. అదే కంపెనీ వైఎఫ్‌జెడ్450ఆర్ 449 సీసీ, దాదాపు 49 అంగుళాలు, రివర్స్ లేదు. అది రేసు ట్రాక్ కోసం చేసిన బండి. వెడల్పు వల్ల మలుపులో గట్టిగా నిలుస్తుంది, ఇంజిన్ బలం అది వేగంగా తిరిగేటప్పుడు, అంటే ఎక్కువ ఆర్‌పీఎంలో వస్తుంది. తాడిపత్రి దగ్గర పెన్నా ఇసుకలోనో, గండికోట చుట్టుపక్కల బండరాళ్ల సందుల్లోనో ఇరుక్కుంటే రివర్స్ లేని 180 కిలోల పైచిలుకు బండిని వెనక్కి లాగాల్సింది మీరే. కింది ఆర్‌పీఎంలోనే లాగే రాప్టర్ లాంటి పెద్ద ఇంజిన్ ఇసుకలో హాయి. కానీ కొత్తవాళ్లకు ఈ రెండూ వద్దు. 229 సీసీ హోండా టీఆర్ఎక్స్250ఎక్స్ లాంటి చిన్న బండి మీద ఒళ్లు వంచడం అలవాటు చేసుకున్నాకే పైకి వెళ్లండి. కర్నూలు నల్లరేగడిలో వాన పడిన రోజు మాత్రం ఏ బండీ తీయకండి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మట్టి మెత్తేస్తుంది.

పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని తిప్పే నాన్నలను చూస్తే నాకు భయం. స్పోర్ట్ ఏటీవీ ఒక్కరి బండి. రెండో మనిషి ఉంటే నడిపేవాడు కదల్లేడు. అమెరికాలో పెద్దల సైజు ఏటీవీలకు 16 ఏళ్లు దాటాలని బండి మీదే లేబుల్ వేస్తారు. మీ ఇంట్లోనూ అదే పాటించండి.

వచ్చే పాఠం టైర్ల గాలి గురించి. ఆలోపు బూట్లు వేసుకుని గోడకు ఆని నిలబడి, నేల నుంచి తొడల సందు దాకా టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. బండి చూడటానికి వెళ్లినప్పుడు ఆ అంకె జేబులో ఉండాలి.