తలనొప్పితో పై మజిలీకి వెళ్లొద్దు: ఎత్తైన చోట్లకు ప్రయాణమయ్యేవారికి జాగ్రత్తలు

అక్టోబరు వచ్చిందంటే నేపాల్ కొండల నుంచి ఒకే తీరు వార్త వినిపిస్తుంటుంది. రాత్రి తలనొప్పిగా ఉందని అన్నం తినకుండా పడుకున్నారు, తెల్లారి లేపితే లేవలేదు. వేసవిలో అయితే లద్దాఖ్ నుంచో, కైలాస మానసరోవరం దారి నుంచో వస్తుంది. టాంజానియాలోని కిలిమంజారో, పెరూ, బొలీవియా వంటి చోట్లా ఈ ప్రమాదం ఉన్నదే. ఊరు మారినా జరిగేది మాత్రం మారదు.

చలి బట్టలు, బూట్లు, సన్‌స్క్రీన్ గురించి అందరూ చెబుతారు కాబట్టి వాటిని వదిలేద్దాం. మనుషుల ప్రాణాలు తీస్తున్న తప్పు ఒకటుంది. తలనొప్పి ఉండగానే, నిన్న పడుకున్న చోటికంటే ఎత్తైన చోటికి వెళ్లి పడుకోవడం.

తెలిసి తెలిసి ఎవరూ ఇలా చెయ్యరు. తలనొప్పికి ఏదో ఒక సాకు చేతికి దొరుకుతుంది: ఎండ తగిలింది, నీళ్లు సరిగ్గా తాగలేదు, రాత్రి నిద్ర లేదు, పొద్దున కాఫీ పడలేదు. ఈలోగా గుంపు బయల్దేరుతుంది. పై ఊళ్లో గది బుక్ అయి ఉంటుంది, తిరుగు టికెట్ తేదీ ఖాయమై ఉంటుంది. 'మెల్లగా నడుస్తాలే' అని లేచి బయల్దేరతారు. అందుకే ఈ లెక్క గుర్తుంచుకోండి: 2,500 మీటర్లు దాటాక వచ్చే తలనొప్పి, మరో కారణం రుజువయ్యేదాకా, ఎత్తు వల్ల వచ్చిందే.

అసలు ఏం జరుగుతుందంటే, గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 21 శాతమే. పైకి పోయేకొద్దీ తగ్గేది గాలి పీడనం. 3,500 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో సుమారు మూడింట రెండు వంతులు. 5,500 మీటర్ల దగ్గర సగం. శరీరం దీనికి అలవాటు పడగలదు గానీ అందుకు రోజులు కావాలి. ఆ వ్యవధి ఇవ్వకపోతే మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరడం మొదలవుతుంది. లక్షణాలు సాధారణంగా చేరుకున్న 6 నుంచి 12 గంటల తర్వాత బయటపడతాయి. చేరగానే హుషారుగా ఉన్నామంటే ఏమీ తేలినట్టు కాదు. ఆ రాత్రి గడవాలి.

వ్యాయామం చేసే శరీరం కదా, నాకేం కాదు అనుకోవద్దు. దమ్మున్నవాళ్లు వేగంగా ఎక్కుతారు కాబట్టి వాళ్లే ముందు పడిపోతుంటారు.

విమానం దిగేదే ఎత్తులో అయితే

పెరూలో లిమా సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కణ్నుంచి గంటన్నరలోపే 3,400 మీటర్ల ఎత్తున్న కుస్కోలో దిగుతారు. మొదటి రెండు రాత్రులు కుస్కోలో ఉండొద్దు. విమానాశ్రయం నుంచే బండి ఎక్కి 2,800 మీటర్ల దగ్గరున్న ఉరుబాంబా లోయకో ఒయాంతైతాంబోకో దిగిపోండి. మాచూ పీచూ 2,430 మీటర్లే, ముందు దాన్ని చూసేసి కుస్కోకు చివర్లో రండి. అదే డబ్బు, అవే రోజులు, వరస మార్చడమే తేడా.

బొలీవియాలో లా పాజ్ విమానాశ్రయమే 4,061 మీటర్ల మీద ఉంది. నేరుగా అక్కడ దిగేకంటే 2,800 మీటర్ల దగ్గరున్న సుక్రేలో రెండు మూడు రోజులు ఉండి వెళ్లడం మేలు.

లేహ్ పట్నం సుమారు 3,500 మీటర్లు. తొలి 48 గంటలు గది, భోజనం, ఊళ్లో నెమ్మదిగా నాలుగడుగులు, అంతే. ఆ తర్వాత ముందు నుబ్రా లోయ, తర్వాతే పాంగాంగ్ సరస్సు. నుబ్రా దారిలో దాటాల్సిన ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్లు కదా, నుబ్రా ముందెలా అంటారేమో. కనుమ దాటేసి కిందికి దిగుతారు, పడుకునేది 3,100 మీటర్ల దగ్గర. పాంగాంగ్‌లో పడుకునేది 4,200 మీటర్ల పైన. లెక్కలోకి వచ్చేది పడుకునే ఎత్తు. అయితే లేహ్‌లో తలనొప్పి ఉంటే ఆ కనుమ కూడా దాటొద్దు.

కైలాస యాత్రలో నేపాల్ వైపు నుంచి రోడ్డు మార్గాన వెళ్లేవారికి గండం టిబెట్‌లోని కేరుంగ్–సాగా ఊళ్ల మధ్య ఉంది. కేరుంగ్ సుమారు 2,800 మీటర్లు, సాగా దాదాపు 4,500. ఒక్క పగటి ప్రయాణంలో అంత ఎత్తు! కేరుంగ్‌లో రెండు రాత్రులు ఉంచుతారా లేదా అని డబ్బు కట్టకముందే అడగండి. ఉంచని ప్యాకేజీ వద్దు. భక్తి కొద్దీ తలనొప్పిని ఓర్చుకుని పరిక్రమకు బయల్దేరేవాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. డోల్మా లా కనుమ 5,600 మీటర్లు దాటి ఉంటుంది. అక్కడ ఓర్పు ఎందుకూ పనికిరాదు.

నడిచి ఎక్కేటప్పుడు

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకేచోట రెండో రాత్రి ఉండాలి. ఎవరెస్ట్ బేస్‌క్యాంప్ దారిలో నామ్చే బజార్ 3,440, టెంగ్‌బోచే 3,860, డింగ్‌బోచే 4,410, లోబుచే 4,940, గోరక్ షెప్ 5,164. నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు. సెలవు చాలక మొదట కోసేసేది ఈ రెండు రోజుల్నే. సెలవు దొరక్కపోతే టెంగ్‌బోచే దాకా వెళ్లి ఎవరెస్ట్‌ను చూసి తిరిగి రండి. అదీ మంచి యాత్రే.

కిలిమంజారో 5,895 మీటర్లు. మరంగు దారిలో ఐదు రోజుల ప్యాకేజీ చౌక. కానీ 2,700, 3,700, 4,700 అంటూ రోజుకు వెయ్యి మీటర్లు ఎగబాకిస్తుంది. ఏడెనిమిది రోజులుండే లెమోషో దారి తీసుకోండి.

మందులు

ఎసిటజోలమైడ్, అంటే డయామాక్స్. నివారణకు పెద్దలకు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బున్నవారు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు. వేళ్లకు తిమ్మిర్లు వస్తాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, కంగారు పడనక్కర్లేదు. బయల్దేరడానికి రెండు వారాల ముందే ఇంట్లో ఒకరోజు వేసుకుని పడుతుందో లేదో చూసుకోండి. ఈ మందు శరీరం అలవాటు పడటాన్ని తొందర చేస్తుంది. తలనొప్పితో పైకి వెళ్లడానికి అనుమతి మాత్రం ఇవ్వదు.

పారాసెటమాల్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఉన్నచోటే ఉంటూ వేసుకుంటే తప్పులేదు. మాత్ర వేసుకుని నొప్పి తగ్గగానే నడక మొదలుపెట్టారంటే మోగే గంట నోరు నొక్కినట్టే. మందు ప్రభావం పోయాక కూడా నొప్పి రాకపోతేనే తగ్గినట్టు.

పెరూ, బొలీవియాల్లో కోకా ఆకుల టీ ఇస్తారు. హాయిగా ఉంటుందేమో గానీ వైద్యం కాదు. ఆ ఆకులు, టీ సంచులు ఆ దేశం దాటించొద్దు, చాలా దేశాల్లో అవి మాదకద్రవ్యాల కిందికి వస్తాయి.

ఇది కనిపిస్తే అర్ధరాత్రైనా దిగాల్సిందే

నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు తగిలేలా పది అడుగులు వేయించండి. తూలితే మెదడు వాస్తోందన్నమాట. మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, లేపినా మగతగా ఉండటం కూడా అవే గుర్తులు.

కదలకుండా కూర్చున్నా ఆయాసం, వెల్లకిలా పడుకోలేకపోవడం, వదలని పొడి దగ్గు, పెదాలు నీలంగా మారడం, గులాబీ రంగు నురగ. ఇవి ఊపిరితిత్తుల్లో నీటికి గుర్తులు. తలనొప్పి లేకుండానే ఇది రావచ్చు, ఎక్కువగా రెండో రాత్రి మొదలవుతుంది. దీన్ని జలుబనో న్యుమోనియా అనో సరిపెట్టుకుని తెల్లారేదాకా ఆగినవాళ్లకు చాలాసార్లు తెల్లారదు.

వెయ్యి మీటర్లు కిందికి దించండి, లేదా లక్షణాలు తగ్గేదాకా దించుతూనే ఉండండి. ఆయాసం ఉన్నవారిని నడిపించొద్దు, మోయించండి. శ్రమపడితే నీరు ఇంకా చేరుతుంది. వెచ్చగా ఉంచండి.

ఇక మిగతావి వరసగా:

దిగేవారిని ఒంటరిగా పంపొద్దు. ఎప్పుడూ.

చేతిలో పట్టుకునే ఆక్సిజన్ డబ్బా నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని నమ్ముకుని పైకి వెళ్లొద్దు.

ఆక్సీమీటర్ అంకె బాగుంది కదా అని లక్షణాన్ని కొట్టిపారేయొద్దు. చల్లటి వేలి మీద అది తప్పు చూపిస్తుంది.

మద్యం వద్దు. నిద్రమాత్రలు వద్దు. నిద్రలో శ్వాసను అవి మరింత తగ్గిస్తాయి.

నీళ్లు మూత్రం లేత రంగులో ఉండేటంత చాలు. బలవంతంగా లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదీ తలనొప్పే తెస్తుంది.

ఇన్సూరెన్స్ కాగితంలో ఎత్తు పరిమితి చదవండి. 4,000 మీటర్లని రాసి ఉంటే బేస్‌క్యాంప్‌కు అది చెల్లదు. హెలికాప్టర్ ఖర్చు ఉందో లేదో విడిగా అడగండి.

హెలికాప్టర్ ఉందని ధీమా వద్దు. మబ్బు కమ్మితే రాదు, రాత్రిపూట రాదు.

నేపాల్‌లో ఫెరిచే, మనాంగ్‌లలో సీజన్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వైద్యకేంద్రాలు నడుస్తాయి. అక్కడ ఆగి చూపించుకోండి.

మాటలు రాని పిల్లలు చికాకు పడినా, తినకపోయినా, ఆడకపోయినా ఎత్తు వల్లే అనుకోండి. దిగండి.

ఇదివరకు ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరినవారు డాక్టర్‌ను కలవకుండా టికెట్ కొనొద్దు. మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ.

తలనొప్పిని గైడ్ దగ్గర దాచొద్దు. ఫర్వాలేదు రండి అని గైడే అన్నా వినొద్దు.

గుంపులో ఒక్కరికి తలనొప్పి ఉన్నా ఆ రాత్రి ఎవరో ఒకరు వాళ్లతో ఆగాలి.

తలనొప్పి ఉంటే ఉన్నచోటే ఉండండి. పెరిగితే దిగండి. పొద్దున లేచాక మాత్ర లేకుండానే తల తేలికపడి, ఆకలేసి, గీత మీద అడుగు తూలకపోతే, అప్పుడు కదలండి.