ఆకుపచ్చ ఆటో నుంచి ఒక్క మెట్టు దిగితే చాలు

మా బావమరిది కెమెరా కొని మూడు నెలలైంది. డయల్ మాత్రం అన్నీ కెమెరాయే చూసుకునే ఆకుపచ్చ ఆటో గుర్తు మీంచి కదల్లేదు. "బావా, ఫోన్‌లోనే ఇంతకంటే బాగా వస్తున్నాయి, అనవసరంగా డబ్బులు పోశానా?" అని ఒకటే గోల. మొన్న ఆదివారం కూర్చోబెట్టి చూపించినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు డయల్‌ని ‘ఎ’ దగ్గరికి తిప్పండి. నికాన్, సోనీ కెమెరాల్లో ఎ, కెనాన్‌లో ఎవి. ఇక్కడ ఎఫ్ నంబర్ మీరు పెడతారు, షట్టర్ వేగం, అంటే సెకనులో ఎన్నో వంతు సేపు వెలుగు లోపలికి రావాలో, కెమెరా చూసుకుంటుంది. నంబర్ తగ్గితే లెన్స్ రంధ్రం పెద్దదవుతుంది, వెలుగు ఎక్కువ వస్తుంది, వెనకున్నవి మసకబారతాయి. గుడి ముందు ఇంటిల్లిపాదీ నిలబడితే ఎఫ్ 8. మనుషులూ గోపురమూ రెండూ తేటగా వస్తాయి. పిల్లాడి ముఖం ఒక్కటే కావాలంటే ఉన్నదాంట్లో చిన్న నంబర్. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌తో వెనక మసక రాదని చాలామంది ఫిర్యాదు. వస్తుంది. 55 దాకా జూమ్ చేసి, పిల్లాడికి దగ్గరగా వెళ్లి, వాణ్ణి గోడకి ఆనించకుండా నాలుగడుగులు ముందుకి రమ్మనండి.

రెండోది ఆటో ఐఎస్ఓ. వచ్చిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె ఐఎస్ఓ. చాలా కెమెరాల్లో మెనూ కనీస షట్టర్ వేగం అడుగుతుంది, 1/125 ఇవ్వండి. పిల్లలు పరిగెడుతుంటే 1/500. గరిష్ఠ ఐఎస్ఓ 6400 ఉండనివ్వండి. ఫొటో కాస్త ఇసక చల్లినట్టున్నా చూడొచ్చు, కదిలిపోయిన ఫొటోని ఎవరూ బాగుచేయలేరు.

అసలు విషయం ప్లస్, మైనస్ గుర్తున్న చిన్న మీట. ప్లస్ ఫొటోకి వెలుగు పెంచుతుంది, మైనస్ తగ్గిస్తుంది. చాలామంది దాని జోలికే పోరు. కెమెరాకి తెలుపూ నలుపూ తెలియదు. ముందున్నదంతా మధ్యస్థంగా, బూడిదరంగంత వెలుగుతో ఉందనుకుని లెక్కేస్తుంది. ఆదివారం మామగారిని తెల్ల చొక్కా, పంచెతో సున్నం గోడ ముందు నిలబెట్టి తీయించాను. స్క్రీన్ చూసి ఆయన "చొక్కా మాసినట్టు పడిందేంట్రా?" అన్నారు. ప్లస్ 1 పెట్టి మళ్లీ తీశాం. ఉతికిన చొక్కా!

తెలుపుకి ప్లస్, నలుపుకి మైనస్ అని బట్టీ పట్టకండి. నేను పట్టి రామప్ప గుళ్లో దెబ్బతిన్నాను. చూరు కింద ఉండే ఆ మదనికలు నల్లరాతివి కదా అని మైనస్ పెట్టాను. ఆరోజు మబ్బు. శిల్పం వెనక తెల్లటి ఆకాశం ఫ్రేములో సగం ఉంది. కెమెరా దానికి జడిసి ముందే చీకటి చేసింది, నా మైనస్ ఇంకాస్త చేసింది. మదనిక బొగ్గు ముద్దలా వచ్చింది. ప్లస్ 1 పెట్టాక నడుము దగ్గరి మెలికా, మెడలో హారాలూ బయటపడ్డాయి. ఆకాశం తెల్లగా పోయింది, పోనీండి. అదే శిల్పాన్ని 250 దాకా జూమ్ చేసి, ఫ్రేమంతా రాయితో నింపినప్పుడు మాత్రం మైనస్సే పనిచేసింది. అంత జూమ్‌లో షట్టర్ 1/400కి తగ్గకూడదు, చేతి వణుకు పట్టేస్తుంది.

రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలోనే ఉంచండి. సూర్యాస్తమయానికి మాత్రం డేలైట్‌కి మార్చండి, లేకపోతే ఆ బంగారు రంగుని ఆటో కడిగేస్తుంది.

ఫంక్షన్ హాల్లో ఫొటోలకి అడ్డంగా నల్ల చారలు పడితే అది లైట్ల పని. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. డయల్‌ని షట్టర్ వేగం మనమే పెట్టే ‘ఎస్’కి, కెనాన్ అయితే ‘టీవీ’ (Tv) గుర్తుకి తిప్పి 1/100 పెడితే చారలు చాలావరకు పోతాయి.

రామప్ప సంగతి ఇంకోటి మిగిలింది. ముందురోజు రాత్రి పెళ్లిలో ఐఎస్ఓని చేత్తో 6400కి పెట్టి మర్చిపోయాను. చిన్న స్క్రీన్ మీద ఏం తెలియలేదు. ఇంటికొచ్చి టీవీలో పెడితే పొద్దున తీసినవన్నీ ఇసకే. అప్పట్నుంచి కెమెరా సంచీలో పెట్టే ముందు నాలుగు చూసుకుంటాను: డయల్ ఎ, ఎఫ్ 8, ఐఎస్ఓ ఆటో, ప్లస్ మైనస్ సున్నా. బ్యాటరీ చార్జింగ్ ఆ తర్వాతే.

నిన్న రాత్రి పదిన్నరకి బావమరిది ఫోన్: "బావా, అన్నీ సున్నాకి తెచ్చేశాను." "ఐఎస్ఓ కూడానా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.