ఉరిశిక్ష సబబా కాదా అని తేల్చుకోవాలంటే ఏం చూడాలి

టీవీలో ‘ఉరిశిక్ష ఖరారు’ అని స్క్రోలింగ్ వస్తే ముందు ఏ కోర్టో చూడండి. కింది కోర్టు అయితే ఇంకా ఏమీ ఖరారవ్వలేదు, ముద్దాయి అప్పీల్ వేసినా వెయ్యకపోయినా ఫైల్ హైకోర్టుకి వెళ్లాల్సిందే, వాళ్లు కన్ఫర్మ్ చేస్తేనే లెక్క. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు 2013లో జరిగాయి, ఉగ్రవాద కేసులు చూసే ఎన్‌ఐఏ కోర్టు ఉరిశిక్ష వేసింది 2016లో, హైకోర్టు కన్ఫర్మ్ చేసింది 2025లో. దాని తర్వాత కూడా సుప్రీంకోర్టు, ఆ తీర్పునే మళ్లీ చూడమనే రివ్యూ, రాష్ట్రపతి క్షమాభిక్ష ఉంటాయి. నిర్భయ కేసు మీద దేశమంతా కన్నేసి ఉంచినా 2012 నుంచి 2020 దాకా పట్టింది. సో ‘వెంటనే ఉరి తీస్తే భయం ఉంటది’ అనేవాళ్లకి, ఆ వెంటనే అనేది మన దగ్గర లేదని చెప్పండి.

తర్వాత తీర్పు దొరికితే చదవండి. 1980 బచన్ సింగ్ కేసు నుంచి ‘అత్యంత అరుదైన’ కేసులకే ఉరి, కానీ నేరం ఎంత ఘోరమో చూస్తే సరిపోదు, మనిషి మారే ఛాన్స్ ఉందా అనేది కూడా జడ్జి చూడాలి. మనం ఈ రెండోది చూడం, పేపర్లూ రాయవు.

ఇప్పుడు అసలు పని. మీ అభిప్రాయం ఏదైనా సరే దాన్ని చిలకలూరిపేట బస్సు దహనం కేసుకి పెట్టి చూడండి. 1993 మార్చిలో దోపిడీకని ఎక్కిన ఇద్దరు కుర్రాళ్లు పెట్రోల్ పోసి నిప్పంటిస్తే 23 మంది చనిపోయారు, ఆ ఇళ్లలోవాళ్లు ఉరి కావాలంటే తప్పని నేనైతే అనలేను. సుప్రీంకోర్టు దాకా ఉరే. అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష ఇవ్వలేదు, తర్వాత రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ దగ్గరికి మళ్లీ వెళ్తే 1998లో యావజ్జీవం అయింది. అదే కేసు, అవే సాక్ష్యాలు, కుర్చీలో మనిషి మారాడంతే. అంతకుముందు ఎమర్జెన్సీ టైమ్‌లో నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరి ఆపమని ఎంతమంది అడిగినా ఎవరూ వినలేదు, 1975 డిసెంబర్ 1న ఉరితీసేశారు. ప్రాణం ఇలా ఎవరు ఎప్పుడు కూర్చున్నారనే దాని మీద ఆధారపడుతుంటే నాకు ఉరి మీద నమ్మకం కుదరట్లేదు, మీకు కుదిరితే ఎందుకో రాసి పెట్టుకోండి.

భయం సంగతికొస్తే, యావజ్జీవం కన్నా ఉరి నేరాల్ని ఎక్కువ ఆపుతుందనడానికి ఆధారం లేదని చట్టాల మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే లా కమిషన్ 2015లోనే చెప్పింది, టెర్రరిజం, దేశం మీద యుద్ధం కేసులు తప్ప మిగతావాటికి తీసెయ్యమంది. ఆ మినహాయింపు ఎందుకనేది మాత్రం గట్టిగా అడగాల్సిన ప్రశ్నే.

ఇంకోటి, ఎన్‌కౌంటర్‌ని ఇందులో కలపొద్దు. 2019 దిశ కేసులో నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయేనాటికి కోర్టు విచారణే మొదలవ్వలేదు, అది శిక్ష ఎలా అవుతుంది? ఎవరైనా ఆ ఉదాహరణ తెస్తే పక్కన పెట్టించి మళ్లీ కోర్టు తీర్పుల దగ్గరికే రమ్మనండి.