ముసురు వారంలో నడక – 3వ పాఠం: తిరిగొచ్చాక మొదటి పావుగంట

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చిన్నదే. వరసగా నాలుగు రోజులు, రోజుకి ముప్పావుగంట, వాన ఉన్నా లేకున్నా బయట నడవాలి. మొదటి రోజు హుషారుగా వెళ్లుంటారు. రెండో రోజు కూడా. మూడో రోజు ఆగిపోయుంటారని నా అనుమానం. సియాటిల్ వచ్చిన మొదటి చలికాలం నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను మరి. వాన ఎక్కువై కాదు. గుమ్మం దగ్గర బూట్లో కాలు పెడితే లోపల చల్లగా, జిగటగా నిన్నటి నీళ్లు! అప్పుడు వెనక్కి తీసుకున్న కాలు మళ్లీ మార్చి దాకా గడప దాటలేదు.

అందుకే ఈసారి నడక గురించి కాదు, ఆరబెట్టడం గురించి చెబుతాను.

మాది నెల్లూరు. కార్తీకంలో ముసురు మాకు కొత్తేం కాదు. లెక్కకి చూస్తే అక్కడ ఏడాదికి పడే వానా, సియాటిల్‌లో పడే వానా ఇంచుమించు ఒకటే, 1000 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. కాకపోతే మా వైపు వాయుగుండం పట్టిందంటే రెండు రోజులు కుండపోతగా కురిసి వెలుస్తుంది. మర్నాడు ఎండ కాస్తే దండెం మీద బట్టలు మధ్యాహ్నానికల్లా ఆరిపోతాయి. ఇక్కడ అవే నీళ్లు తుప్పర తుప్పరగా 150 రోజుల మీద పరుచుకుంటాయి. డిసెంబరులో పగలు 8 డిగ్రీలు దాటితే గొప్ప, సాయంత్రం 4:20కే పొద్దుగూకుతుంది. తడిసింది దానంతటది ఆరే కాలం కాదిది. మనమే ఆరబెట్టుకోవాలి.

ముందు బూట్లు. ఇంట్లోకి రాగానే, కాఫీ కంటే ముందు, లేసులు పూర్తిగా వదులు చేసి వాటి కిందుండే బూటు నాలుకని బయటికి లాగండి. లోపల పాదం కింద ఉండే మెత్త, అదే ఇన్‌సోల్, తీసి విడిగా నిలబెట్టండి. చాలామంది తీయరు, నీళ్లేమో దాని కిందే దాక్కుంటాయి. తర్వాత న్యూస్‌పేపర్ ఉండలు చేసి బొటనవేలు ఉండే చోటు దాకా కుక్కాలి. ఈ రోజుల్లో పేపర్ ఎవరింటికి వస్తోంది అంటారా? పోస్టులో వచ్చే నున్నటి ప్రకటన కాగితాలు మాత్రం పనికిరావు, అవి నీళ్లు పీల్చవు. పేపర్ టవల్ గానీ, పాత బనియన్ గానీ పెట్టండి. గంటకి తీసి చూస్తే ఉండ బరువెక్కి ఉంటుంది. దాన్ని పారేసి కొత్తది పెట్టండి, పడుకోబోయే ముందు ఇంకోసారి మార్చండి. ఆ రాత్రికి బూట్ల నోళ్లు టేబుల్ ఫ్యాన్ వైపు తిప్పి పెడితే తెల్లారేసరికి తొడుక్కునేలా ఉంటాయి.

గోడ అడుగున ఉండే హీటర్‌కి ఆనించి పెట్టడం మాత్రం వద్దు. నేను పెట్టాను. పొద్దున్నకి బూట్లు బ్రహ్మాండంగా ఆరాయి, కుడి బూటు అడుగు జిగురు వదిలి మొసలి నోరులా తెరుచుకుంది. బూటుని ఆరబెట్టేది గాలి. మరీ వేడి తగిలితే జిగురు మెత్తబడుతుంది, తోలు బీటలిస్తుంది. కుదిరితే రెండో జత కొనుక్కుని రోజు మార్చి రోజు వాడండి. ఖరీదైన వాటర్‌ప్రూఫ్ జత ఒక్కటి కొనే బదులు మామూలువి రెండు కొనమంటాను. వాటర్‌ప్రూఫ్ బూట్లోకి పైనుంచి నీళ్లు పోయాయంటే అవి ఓ పట్టాన ఆరవు.

ఇక రెయిన్ జాకెట్. కుళాయి కింద దాని చెయ్యి పట్టుకుని చూడండి. నీళ్లు చామాకు మీద బొట్లలా జారిపోతే దానికి ఢోకా లేదు. బట్ట ముదురు రంగుకి తిరిగి అరచేయంత మరకలు పడుతోందంటే నీళ్లని జార్చే పై పూత నిద్రపోయిందన్నమాట. దానికి కొత్త జాకెట్ కొననక్కర్లేదు. లోపలి లేబుల్ చదివి, డ్రయ్యర్ వద్దని రాసి లేకపోతే, ఇలాంటి బట్టల కోసమే అమ్మే సబ్బుతో ఉతికి తక్కువ వేడి మీద తిప్పండి. చాలాసార్లు ఆ వేడికే పూత మళ్లీ పనిచేస్తుంది. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేశారో, పాడు చేసుకున్నట్టే.

నూలు బట్టల సంగతి మొదటి పాఠంలోనే చెప్పాను, ఒక్క ముక్క గుర్తు చేస్తా. మన ఉక్కలో తడి పంచె హాయిగా ఉంటుంది. ఈ చలిలో తడి జీన్స్ ఒంట్లో వేడంతా లాగేస్తుంది. సాక్సులు ఊలువే వేసుకోండి, తడిసినా కాస్త వెచ్చగానే ఉంటాయి.

ఒక్క మినహాయింపు ఉంది, గాలి. వానకి ఆగొద్దని ఇన్ని పాఠాలుగా చెబుతున్నవాణ్ణే, ఈదురుగాలుల హెచ్చరిక వస్తే మాత్రం చెట్ల మధ్యకి వెళ్లొద్దంటాను. నేల నానిపోయి ఉంటే ఎంత పెద్ద ఫర్ చెట్టయినా వేళ్లతో సహా ఒరిగిపోతుంది. 2024 నవంబరు 19 రాత్రి తుపాను గాలికి ఇక్కడ చెట్లు కూలి ఇద్దరు చనిపోయారు, సియాటిల్‌కి తూర్పున ఉన్న ఇసాక్వా, సమామిష్ ఊళ్ల వైపు చాలా ఇళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజు ఇంట్లో మెట్లెక్కి దిగండి, తప్పులేదు.

ఈ వారం హోంవర్క్‌కి వంటింటి తూకం కావాలి. కవర్ వేసుకోండి, లేదంటే మా ఇంట్లో నేను తిన్న చీవాట్లే మీరూ తింటారు. పొడి బూటు ఒకటి తూచి రాసుకోండి. సమామిష్ నది పక్క తారు బాట మీదో, సియాటిల్‌లోని గ్రీన్ లేక్ చెరువు చుట్టూనో (ఒక చుట్టు 2.8 మైళ్లు) వానలో నడిచొచ్చి మళ్లీ తూచండి. నాది పొడిగా 340 గ్రాములు, తిరిగొచ్చాక 425. ఆ 85 గ్రాముల నీళ్లు పొద్దున్నకి ఎంతకి దిగాయో, కాగితం ఒక్కటే పెడితే ఎంత, ఫ్యాన్ కూడా పెడితే ఎంత అని మూడు రాత్రులు రాయండి. మీ ఇంట్లో ఏది పనిచేస్తోందో అప్పుడు తేలుతుంది.

వచ్చే పాఠంలో చీకటి సంగతి చూద్దాం. తలకి కట్టుకునే లైటు, మెరిసే పట్టీలు, ఆఫీసు అయ్యాక నడిచే దారులు. ఈలోగా బూట్లు ఆరబెట్టుకోండి.