బిజినెస్ కోచ్‌కి ఫీజు కట్టే ముందు ఈ లెక్క వేసుకోండి

కోచ్ ఫీజు ఎక్కువా తక్కువా అని ఆలోచించే ముందు, అది తిరిగి రావాలంటే ఇంకెంత అమ్మాలో చూడండి. మీ మార్జిన్ (అమ్మిన దాంట్లో మీకు మిగిలేది) 20 శాతం అయితే ఫీజుకి 5 రెట్లు అదనంగా అమ్మితేనే ఆ డబ్బు వెనక్కొస్తుంది, సేల్స్ పెరిగాయి కదా అని చాలామంది ఇక్కడే పొరబడతారు. సెషన్లకి పోయే మీ టైమ్ కూడా ఖర్చులోనే రాయండి.

తర్వాత అనుభవం అడగండి. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ సర్టిఫికెట్లలో మొదటి స్థాయి ఏసీసీకి కనీసం 100 గంటలు, తర్వాతి స్థాయి పీసీసీకి 500, అన్నిటికన్నా పై స్థాయి ఎంసీసీకి 2500 గంటలు కోచింగ్ చేసుండాలి, కానీ దాన్నిబట్టి మీ రంగం తెలుసని కాదు, అందుకే పాత క్లయింట్లతో ఒకసారి మాట్లాడండి ప్లీజ్.

ఏడాది ఫీజు ఒకేసారి కట్టొద్దు, మూడు నెలలకి ఒప్పుకుని ఏ నంబర్ మారాలో ముందే రాసుకోండి. లాభం గ్యారంటీ అనేవాళ్ళని నేనైతే అస్సలు నమ్మను. లెక్కలు సరిచేయడమే మీ సమస్యైతే అకౌంటెంట్ చాలు, కోచ్ అక్కర్లేదు.