మాడ్రిడ్‌లో ఎద్దుల బరి, ఆపైన రెండు స్టేడియాలు

ముందు ఎద్దుల బరి లాస్ వెంటాస్‌కి వెళ్లండి. మెట్రో 2 లేదా 5వ లైన్‌లో వెంటాస్ స్టేషన్‌లో దిగి పైకొస్తే ఎర్ర ఇటుకల గోడ ఎదురుగానే ఉంటుంది. 1931లో తెరిచిన బరి, 20 వేల మందికి పైగా పడతారు.

హడావిడిగా లోపలికి దూరకండి. బయట ఫ్లెమింగ్ విగ్రహం ఉంది. అవును, పెన్సిలిన్ ఫ్లెమింగే! ఎదురుగా కంచు మెటడోర్ (ఎద్దుతో పోరాడేవాడు) టోపీ తీసి ఆయనకు వందనం చేస్తుంటాడు. కొమ్ము దిగిన గాయం చీము పట్టి చచ్చిపోయే రోజుల్ని పోగొట్టింది ఆ మందే కదా. నేను బరి కన్నా ఆ విగ్రహం దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను.

పోరు నేను చూడలేదు. ఒక సాయంత్రం ఆరు ఎద్దులు చావడం చూసే గుండె నాకు లేదు. పగలు టికెట్ కొనుక్కుని ఊరికే తిరిగి రావచ్చు. మే నెల సాన్ ఇసిద్రో ఉత్సవాలప్పుడు మాత్రం వేళలు ముందే చూసుకోండి. పోరుకే వెళ్తానంటే 'సోంబ్రా' నీడ వైపు, ఖరీదు. 'సోల్' ఎండ వైపు, చవక. రాతి మెట్ల మీద కూర్చోవాలి, దిండు అద్దెకు తీసుకోండి. ఖాళీ బరిలో పది నిమిషాలకే నా నడుం పట్టేసింది.

ఇక స్టేడియాలు. రియల్ మాడ్రిడ్ ఫుట్‌బాల్ స్టేడియం బెర్నబేవుకి 5వ లైన్‌లో అలోన్సో మార్టినెస్ దాకా వెళ్లి 10కి మారాలి. అక్కడ పచ్చిక పలకల్ని నేల కిందికి దించేసే ఏర్పాటుంది, కాబట్టి గడ్డి కనబడకపోయినా ఉసూరుమనకండి. ఓపికుంటే 7వ లైన్‌లో అట్లెటికో మాడ్రిడ్ స్టేడియం మెట్రోపాలిటానో. 2017లో తెరిచారు, స్టేషన్ గుమ్మంలోనే.